బాలిలోని తులాంబెన్ వద్ద మునిగిన ఓడ, పగడపు దిబ్బలు: స్కూబా డైవింగ్‌కు సమగ్ర మార్గదర్శి

బాలి ప్రయాణం ఖాయమైన తరువాత చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. ఈశాన్య తీరంలోని తులాంబెన్ గ్రామం వద్ద మునిగి ఉన్న లిబర్టీ ఓడను స్కూబా డైవింగ్ చేసి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇదివరకు సముద్రంలో దిగనివారికి కూడా ఉపయోగపడేలా ఆ పనిని వరుసక్రమంలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ ఓడ ఒడ్డుకు కొన్ని పదుల మీటర్ల దూరంలోనే, నల్లని ఇసుక వాలు మీద పక్కకు ఒరిగి ఉంది. పై అంచు సుమారు 5 మీటర్ల లోతులోనూ, అట్టడుగు 30 మీటర్లకు దగ్గరగానూ ఉంటుంది. పడవ ఎక్కే పని లేదు కనుక ఇది సులువైన డైవ్ అని పేరు పడింది. చేరుకోవడం వరకు ఆ మాట నిజమే. కానీ తుప్పు పట్టిన ఇనుముకూ, దాని మీద పెరిగిన పగడాలకూ తగలకుండా, చేతులు ఆడించకుండా నీళ్లలో నిలకడగా ఉండగలగడం అభ్యాసంతో తప్ప రాదు. అందువల్ల ముందు ఆరోగ్యం, తరువాత శిక్షణ, ఆ తరువాత పగడపు దిబ్బ, చివరగా ఓడ అనే వరుసను మార్చవద్దని గట్టిగా చెబుతున్నాను.

1. రెండు నెలల ముందు: ఆరోగ్యం, ఈత

శిక్షణ మొదలయ్యే రోజు మీ చేతికి ఒక ఆరోగ్య ప్రశ్నావళి ఇస్తారు. ఉబ్బసం, గుండె జబ్బులు, మూర్ఛ, మధుమేహం, చెవి శస్త్రచికిత్సలు, గర్భం వంటి విషయాలు అందులో ఉంటాయి. కొన్నింటికి ‘అవును’ అని రాస్తే వైద్యుడి సంతకం లేనిదే నీళ్లలోకి దించరు. అక్కడికి వెళ్లాక ఇబ్బంది ఎందుకని అన్నింటికీ ‘లేదు’ అని రాసేవారు ఉన్నారు. ఇది ప్రాణం మీదకు తెచ్చే పని. లోతు నుంచి పైకి వస్తున్నప్పుడు ఊపిరితిత్తులలోని గాలి వ్యాకోచిస్తుంది. ఉబ్బసం వల్ల వాయునాళాలు బిగుసుకుని ఆ గాలికి దారి దొరకకపోతే ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. ప్రశ్నావళిని ముందుగానే తెప్పించుకుని, మీ ఊళ్లోని వైద్యుడికి చూపించి, సంతకం తీసుకుని బయలుదేరండి.

ఈత విషయంలో ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి డైవింగ్ కోర్సు కోరేది ఆగకుండా 200 మీటర్లు ఈదడం, 10 నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా తేలడం. వేగంతో పనిలేదు. మనలో బావుల్లో, కాలువల్లో ఈత నేర్చుకున్నవారికి తల నీటిపైన ఉంచి ఈదడం అలవాటు. వారికి దూరం కష్టం కాదు, ముఖం నీళ్లలో ముంచి నోటితో ఊపిరి తీసుకోవడం కష్టం. స్విమ్మింగ్ పూల్‌కు ఒక స్నార్కెల్ (నోటితో ఊపిరి పీల్చే గొట్టం) తీసుకువెళ్లి, మొదట మాస్క్‌తోనూ తరువాత మాస్క్ లేకుండానూ, ముఖం ముంచి కొద్ది నిమిషాల పాటు ప్రశాంతంగా శ్వాసించడం సాధన చేస్తే కోర్సులో సగం భయం ఇక్కడే తీరిపోతుంది.

బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి:

- వైద్యుడి సంతకంతో ఆరోగ్య పత్రం
- ప్రయాణ బీమాలో స్కూబా డైవింగ్‌కు రక్షణ ఉందా, ఉంటే ఎంత లోతు వరకు అన్న వివరం (చాలా సాధారణ పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి)
- ప్రెషర్ చాంబర్ (డైవింగ్ వల్ల ఒంట్లో బుడగలు కడితే చికిత్స చేసే అధిక ఒత్తిడి గది) చికిత్స ఖర్చు బీమాలో కలిసి ఉందన్న ధ్రువీకరణ
- జలుబు, సైనస్ లేకపోవడం

2. ఏ నెలలో, ఎన్ని రోజులు

ఏప్రిల్ నుంచి నవంబరు వరకు సాధారణంగా వానలు తక్కువ, నీరు తేటగా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అలలు పెరిగి, రాళ్ల ఒడ్డు నుంచి దిగడం కష్టమవుతుంది. వాన నీరు వాగుల గుండా సముద్రంలో కలిసినప్పుడు నీరు మసకబారుతుంది. నీటి ఉష్ణోగ్రత ఎక్కువ కాలం 26 నుంచి 29 డిగ్రీల మధ్య ఉన్నా, జూలై నుంచి సెప్టెంబరు వరకు ఇంకా తగ్గవచ్చు. మనలాంటి వేడి ప్రాంతాలవారు ఆ నెలల్లో 5 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (ఒంటి వేడి నిలిపే బిగుతైన రబ్బరు దుస్తులు) అడగడం మంచిది.

కనీసం ఆరు రోజులు కేటాయించండి. మూడు, నాలుగు రోజులు కోర్సుకు, ఒక రోజు ఓడకు, చివరి రోజు పూర్తిగా నేల మీద. ఆ చివరి రోజు ఎందుకో పదో భాగంలో వివరిస్తాను. దక్షిణాన ఉన్న కుటా, సనూర్ ప్రాంతాల నుంచి కారులో రెండున్నర, మూడు గంటల ప్రయాణం కనుక ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి రావడం సాధ్యమే. అయితే అలా వచ్చే బృందాలన్నీ పొద్దెక్కాక ఒకే సమయంలో దిగుతాయి. తులాంబెన్‌లోనే బస చేస్తే సూర్యోదయానికి నీళ్లలో ఉండవచ్చు. తలపై బొడిపె ఉన్న పెద్ద చిలుక చేపల గుంపు ఓడ దగ్గర ఎక్కువగా కనిపించేది ఆ వేళలోనే.

3. డైవ్ కేంద్రాన్ని ఎంచుకోవడం

ధర ఒక్కటే చూసి నిర్ణయించకండి. ముందుగా ఈ ప్రశ్నలు అడగండి:

- ఒక గైడ్ వెంట ఎంతమంది దిగుతారు? నలుగురికి మించితే వద్దనండి. కొత్తవారికి ఇద్దరే మేలు.
- ఆక్సిజన్ సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె ఒడ్డున ఉంటాయా?
- ప్రతి ఒక్కరికీ విడిగా డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపే చిన్న పరికరం) ఇస్తారా?
- మొదటి డైవ్ ఎక్కడ చేయిస్తారు?

చివరి ప్రశ్నకు ‘నేరుగా ఓడ దగ్గరే’ అని జవాబు వస్తే మరో కేంద్రం వెతకండి. సర్టిఫికెట్ లేకుండా చేసే పరిచయ డైవ్‌కు గరిష్ఠ లోతు 12 మీటర్లు. ఆ లోతులో ఓడ పై భాగం అందుతుంది కనుక కొందరు కొత్తవారిని అక్కడికే తీసుకువెళతారు. నా అభిప్రాయంలో అది ఓడకూ మంచిది కాదు, దిగినవారికీ మంచిది కాదు. కాళ్లు ఎక్కడ ఆడుతున్నాయో తెలియని దశలో పగడాలు విరుగుతాయి, పదునైన రేకులు చర్మాన్ని కోస్తాయి.

పదేళ్లు నిండినవారు ఓపెన్ వాటర్ కోర్సులో చేరవచ్చు. ఆ సర్టిఫికెట్‌తో పెద్దలకు 18 మీటర్లు, దాని తరువాతి స్థాయి అయిన అడ్వాన్స్‌డ్ కోర్సు పూర్తిచేస్తే 30 మీటర్లు పరిమితి. లిబర్టీ ఓడలో చూడవలసినవాటిలో ఎక్కువ భాగం 18 మీటర్లలోపే ఉంది కనుక మొదటి ప్రయాణంలోనే అడ్వాన్స్‌డ్ కోసం తొందరపడనవసరం లేదు.

4. పరికరాలు ఒంటికి సరిపోవాలి

మాస్క్‌ను పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో లోపలికి పీల్చండి. చేయి వదిలినా అది నిలిచి ఉంటే సరిపోయినట్టు. ఒత్తయిన మీసం ఉన్నవారికి ముక్కు కింద నుంచి నీరు కారుతూనే ఉంటుంది. ముక్కును ఆనుకుని ఉన్న సన్నని వరుస వెంట్రుకలను మాత్రం తీసేస్తే చాలావరకు ఆగుతుంది, మీసమంతా తీయనక్కర లేదు. ముక్కుపుడక మాస్క్ అంచుకు తగులుతుంటే ముందుగానే తీసి ఉంచండి. మెడలోని గొలుసులను, తాళిని గాలి గొట్టాలకు చిక్కుకోకుండా వెట్‌సూట్ లోపలికి వేసి జిప్ పైదాకా లాగండి. పొడవైన జుట్టును జడ వేసి, నుదుటి మీది వెంట్రుకలను మాస్క్ కిందికి రాకుండా వెనక్కు కట్టండి.

కళ్లద్దాలు వాడేవారు పవర్ ఉన్న మాస్క్ దొరుకుతుందా అని ముందే అడగాలి. మెత్తని కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చు గానీ మాస్క్‌లోకి నీరు చేరినప్పుడు కళ్లు మూసుకోవాలి.

పాదాలకు గట్టి అడుగు ఉన్న బూట్లు, వాటి మీద తొడిగే పట్టీ ఫిన్లు (ఈదడానికి పాదాలకు తగిలించుకునే రెక్కలు) తీసుకోండి. తులాంబెన్ ఒడ్డు ఇసుక కాదు, గుండ్రని పెద్ద రాళ్లు. ఉత్త పాదానికి తొడిగే ఫిన్లు అక్కడ పనికిరావు.

5. మొదట పగడపు దిబ్బ

ఓడకూ, ఖాతం తూర్పు చివర ఉన్న డ్రాప్ ఆఫ్ గోడకూ మధ్య కోరల్ గార్డెన్ అనే లోతు తక్కువ దిబ్బ ఉంది. మొదటి డైవ్‌లు ఇక్కడే చేయండి. పగడాల మీద కాదు, పక్కనే ఉన్న ఖాళీ ఇసుక మీద సాధన మొదలుపెట్టండి.

ముందు మునగడానికి కట్టుకునే బరువులు సరిచూసుకోవాలి. నీటి పైభాగంలో నిలువుగా ఉండి, బీసీడీ జాకెట్‌లోని (గాలి నింపి, వదిలి నీటిలో తేలడాన్ని సరిచేసుకునే జాకెట్) గాలి మొత్తం వదిలి, మామూలుగా ఊపిరి పీల్చి పట్టి ఉంచినప్పుడు నీరు కళ్ల మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అల్యూమినియం సిలిండరు గాలి ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది కనుక, నిండు సిలిండరుతో సరిచూసినప్పుడు సుమారు 2 కిలోలు అదనంగా కట్టుకోవాలి. కొత్తవారికి ‘దిగడానికి సులువు’ అని అవసరానికి మించి బరువులు కట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. ఎక్కువ బరువుకు జాకెట్‌లో ఎక్కువ గాలి నింపాలి, ఆ గాలి లోతు మారిన ప్రతిసారీ ఉబ్బుతూ తగ్గుతూ మిమ్మల్ని పైకీ కిందికీ లాగుతుంది. మొదటి డైవ్‌లో నిలకడ లేకపోవడానికి నేర్పు కన్నా ఈ అదనపు బరువే తరచుగా కారణం.

తరువాత ఇసుకకు అర మీటరు పైన పడుకున్న భంగిమలో ఉండి, జాకెట్ బటన్ నొక్కకుండా ఊపిరితోనే ఎత్తు మార్చండి. నిదానంగా పీలిస్తే కొద్ది క్షణాల తరువాత లేస్తారు, వదిలితే దిగుతారు. ఆ ఆలస్యాన్ని అర్థం చేసుకోవడమే అసలు పాఠం. పైకి లేవకముందే మళ్లీ పీల్చడం, దిగకముందే మళ్లీ వదలడం కొత్తవారి అలవాటు. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగపట్టకూడదు, నెమ్మదిగా సాగుతూనే ఉండాలి.

కాళ్ల సంగతికి వస్తే, మోకాళ్లు వంచి, పాదాలు పైకి ఉంచి, కప్ప ఈదినట్టు పక్కలకు నెట్టండి. సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడిస్తే ఇసుక లేచి పగడాల మీద పడుతుంది.

ఓడకు వెళ్లే అర్హత వచ్చిందా అని తేల్చుకునే పరీక్ష:

- చేతులు కట్టుకుని, ఒకే లోతులో ఒక నిమిషం నిలవగలుగుతున్నారా?
- మాస్క్‌లోకి పూర్తిగా నీరు ఎక్కించుకుని, లోతు మారకుండా ఖాళీ చేయగలుగుతున్నారా?
- గైడ్ అడగకముందే మీ సిలిండరులో ఎన్ని బార్లు (గాలి ఒత్తిడి కొలత) ఉన్నాయో చెప్పగలుగుతున్నారా?

మూడింటికీ అవునంటేనే ఆరో భాగానికి వెళ్లండి.

6. రాళ్ల ఒడ్డు నుంచి దిగడం, ఎక్కడం

ఇక్కడ గాయాలు నీళ్లలో కన్నా ఒడ్డు మీద జరిగే అవకాశం ఎక్కువ. సిలిండర్లను గ్రామస్థులు, వారిలో మహిళలు కూడా, తల మీద మోసి ఒడ్డుకు చేరుస్తారు. ఆ పని వారికే వదిలి, మీరు ఖాళీ చేతులతో నడవండి.

దిగే ముందు జతగాడితో (మీతో కలిసి డైవ్ చేసే వ్యక్తి) కలిసి జాకెట్, బరువులు, బకిళ్లు, గాలి, చివరగా మొత్తం ఒకసారి చూసుకోండి. గాలి పరీక్షించేటప్పుడు సిలిండరు ఒత్తిడి చూపే మీటరు ముల్లు చూస్తూ నాలుగైదు సార్లు ఊపిరి తీయండి. ముల్లు ఊగుతుంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదని అర్థం.

- జాకెట్‌లో కొద్దిగా గాలి, ముఖానికి మాస్క్, నోట్లో రెగ్యులేటర్ (సిలిండరు గాలిని నోటికి అందించే పరికరం) ఉండాలి. ఫిన్లు చేతిలో ఉండాలి.
- అలల వరుసను కాసేపు గమనించి, పెద్ద అలలు గడిచాక కదలండి.
- జతగాడి భుజం పట్టుకుని, పాదాలు ఎత్తకుండా జరుపుతూ నడవండి.
- నడుము లోతు రాగానే వెనక్కు పడుకుని తేలుతూ ఫిన్లు తొడగండి.

తిరిగి వచ్చేటప్పుడు చాలామంది మోకాలి లోతులో రెగ్యులేటర్ తీసేసి మాట్లాడటం మొదలుపెడతారు. సరిగ్గా అప్పుడే అల వెనుక నుంచి పడేస్తుంది. ఫిన్లు తీసి, పూర్తిగా ఒడ్డెక్కేవరకు రెగ్యులేటర్ నోట్లోనే ఉండాలి. నిలబడలేకపోతే చేతులు, మోకాళ్ల మీద పాకుతూ రండి.

7. ఓడ దగ్గర: గాలి లెక్క, దారి

సిలిండరు 11 లీటర్లది, అందులో 200 బార్ల గాలి ఉందనుకుందాం. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 20 మీటర్ల లోతులో ఒత్తిడి మూడింతలు కనుక 60 లీటర్లు కావాలి. చివరి 50 బార్లు ముట్టుకోకూడదు, మిగిలిన 150 బార్లు అంటే 150 × 11 = 1650 లీటర్లు. ఆ లోతులోనే ఉంటే అది సుమారు 27 నిమిషాలు. కొత్తవారు ఇంతకన్నా ఎక్కువ పీలుస్తారు. ఈ లెక్క మీకు మీరే ఒకసారి వేసుకుంటే, మీటరు చూడమని ఎవరూ గుర్తుచేయనక్కర లేదు.

ఇసుక వాలు మీదుగా ముందు మీరు అనుకున్న గరిష్ఠ లోతుకు చేరి, ఓడ బయటి అంచు వెంట ఈది, క్రమంగా లోతు తగ్గించుకుంటూ పై భాగానికి రండి. 120 బార్ల దగ్గర వెనుదిరిగి, 70 బార్లకు 5 మీటర్ల లోతుకు చేరి, అక్కడ 3 నిమిషాలు ఆగి, 50 బార్లతో నీటిపైకి రావడం నేను సూచించే పద్ధతి. ఓడ పై అంచు, దాని పక్కన ఒడ్డు వైపు పైకి వెళ్లే వాలు రెండూ ఆ 5 మీటర్ల దగ్గరే ఉన్నాయి కనుక, ఆగే సమయంలో కూడా చేపలను చూస్తూ గడపవచ్చు. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లకు మించకూడదు.

ఇసుక మీద నిలువుగా లేచి ఊగే సన్నని తోట ఈల్ చేపలు మీరు దగ్గరకు వెళితే బొరియల్లోకి దిగిపోతాయి. దూరంలో ఆగి కదలకుండా చూడండి. లయన్ ఫిష్, స్కార్పియన్ ఫిష్ రేకుల మీద ఇనుము రంగులోనే కలిసిపోయి ఉంటాయి. దేని మీదా చేయి పెట్టకూడదనడానికి పగడాల రక్షణ ఒక కారణమైతే ఇది రెండోది. పొరపాటున ముల్లు గుచ్చుకుంటే డైవ్ ముగించి, చర్మం కాలనంత వేడి నీటిలో, అంటే 45 డిగ్రీలకు మించకుండా, నొప్పి తగ్గేవరకు ఆ భాగాన్ని ఉంచి వైద్యుడిని కలవాలి. తుప్పు రేకులు గీరుకుపోవడం ఎక్కువ కనుక టెటనస్ టీకా ఇంటి దగ్గరే వేయించుకుని వెళ్లండి.

గూడు కాపాడుకునే టైటాన్ ట్రిగ్గర్ ఫిష్ మీదకు వస్తే పైకి ఈదవద్దు. అది తనదిగా భావించే ప్రదేశం గూడు నుంచి పైకి వెడల్పవుతూ పోతుంది. ఫిన్లను దాని వైపు ఉంచి పక్కకు జరగండి.

8. లోపలికి వెళ్లడం

వద్దు. ఓడల లోపలికి వెళ్లడానికి ప్రత్యేక శిక్షణ ఉంది, అందులో కూడా వెలుతురు కనిపించే భాగం దాటనివ్వరు, నీటి ఉపరితలం నుంచి లెక్కవేసి మొత్తం 40 మీటర్ల దూరానికే పరిమితం చేస్తారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఒడ్డు మీద నుంచి సముద్రంలోకి జారిన ఈ ఓడ నేటికీ కుంగుతూ, విరుగుతూనే ఉంది. నిరుడు తెరిచి ఉన్న దారి ఈ ఏడు ఉంటుందన్న హామీ లేదు. పైకప్పు లేకుండా, రెండు వైపులా వెలుతురు కనిపిస్తూ, ఇద్దరు పక్కపక్కన పట్టేంత వెడల్పున్న చోట గైడ్ వెనుక దాటవచ్చు. అంతకన్నా ఇరుకు కనిపిస్తే అరచేయి అడ్డంగా ఊపి వద్దని చెప్పి, బయటి నుంచి చుట్టి రండి. గైడ్ పిలిచాడని వెళ్లాల్సిన పని లేదు.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

బొటనవేలు చూపడం. మనకు అది ‘బాగుంది’ అనే సైగ. నీళ్లలో దాని అర్థం ‘పైకి వెళదాం’. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

చెవి నొప్పిని ఓర్చుకోవడం. ముక్కు మూసి మెల్లగా ఊదడం నీటిపైనే మొదలుపెట్టి, దిగే ప్రతి అర మీటరుకూ చేయాలి. నొప్పి మొదలయ్యాక ఊదితే పని చేయదు. ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. జలుబు మాత్ర వేసుకుని దిగవద్దు, లోతులో దాని ప్రభావం తగ్గితే పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి చిక్కుకుంటుంది.

జతగాడు కనబడకపోవడం. ఒక నిమిషం చుట్టూ, పైన, కింద చూసి, కనబడకపోతే నెమ్మదిగా పైకి రండి. అతనికీ అదే చెప్పి ఉంచాలి. లిబర్టీ దగ్గర అనేక బృందాలు కలగలిసిపోతాయి కనుక జతగాడి ఫిన్ల రంగు ముందే గుర్తుపెట్టుకోండి.

మొదటి రోజే కెమెరా పట్టుకోవడం. తెర చూస్తూ లోతు, గాలి రెండూ మరిచిపోతారు. ఐదో భాగంలోని పరీక్ష నెగ్గేవరకు గదిలోనే ఉంచండి.

పైకి దూసుకుపోవడం. జాకెట్‌లోని గాలి వదిలే గొట్టాన్ని పైకెత్తి పట్టుకుని, ఊపిరి వదులుతూ, ఒళ్లు వెడల్పుగా చాపి వేగం తగ్గించండి.

10. పైకి వచ్చిన తరువాత

ఒకటి కన్నా ఎక్కువ డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. పూర్తిగా ఒక రోజు ఆగితే ఇంకా మంచిది. ఇది అందరికీ తెలిసినదే. బాలిలో అంతగా పట్టించుకోనిది కొండల సంగతి. డైవింగ్ ముగిసిన మధ్యాహ్నమే కింతామణి మీదుగా ఉబుద్‌కు కారులో వెళ్లడం, మర్నాడు తెల్లవారుజామున 1717 మీటర్ల బాతూర్ పర్వతం ఎక్కడం, దగ్గరే ఉంది కదా అని లెంపుయాంగ్ ఆలయానికి వెళ్లడం చాలామంది ప్రణాళికల్లో ఉంటుంది. ఎత్తుకు వెళితే గాలి ఒత్తిడి తగ్గి, లోతులో ఒత్తిడికి ఒంట్లో కరిగి మిగిలిన నత్రజని బుడగలు కట్టే ప్రమాదం ఉంది. కొండలన్నీ డైవింగ్‌కు ముందే చూసి, తిరుగు ప్రయాణం తీరం వెంట చేయండి.

కీళ్ల నొప్పి, తిమ్మిరి, అసాధారణమైన అలసట, తల తిరగడం వంటివి కనిపిస్తే పడుకోబెట్టి ఆక్సిజన్ ఇచ్చి, వెంటనే వైద్య సహాయం కోరాలి. దెన్‌పసార్‌లోని ప్రధాన ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రెషర్ చాంబర్ ఉంది. మళ్లీ నీళ్లలో దిగితే తగ్గుతుందన్న సలహా ఎవరు ఇచ్చినా వినవద్దు.

11. తరువాత ఎక్కడ

లిబర్టీ తరువాత దక్షిణంగా అమెద్ దాటాక బన్యునింగ్ వద్ద ఉన్న చిన్న జపనీస్ ఓడ శిథిలం సరైనది. లోతు తక్కువ, పగడాలు దట్టం. ఆ పైన అడ్వాన్స్‌డ్ పూర్తి చేసి, తులాంబెన్ పక్కనే కుబు వద్ద ఉన్న బోగా ఓడకు వెళ్లండి. అది లిబర్టీ కన్నా లోతులో ఉంది, 30 మీటర్ల దగ్గర గాలి, సమయం రెండూ త్వరగా కరిగిపోతాయి. నుసా పెనిడా ద్వీపాన్ని చివరకు ఉంచండి. మాంటా రే, మోలా మోలా చేపల కోసం అందరూ ముందుగా అక్కడికే వెళ్లాలనుకుంటారు గానీ, అక్కడి ప్రవాహాలు మనిషిని పక్కకే కాదు, కిందికి కూడా లాగుతాయి. ఒక లోతులో ఆలోచించకుండా నిలవగలిగి, గాలి మీటరు అడగకుండా చూసుకునే అలవాటు స్థిరపడిన తరువాతే అక్కడికి టికెట్ తీసుకోండి.